ఫిట్స్ మాత్ర మొదలుపెట్టిన ఇరవై నాలుగు రోజులకు

2024 జూలై 12, శుక్రవారం రాత్రి నేను మొదటి ఫెనిటాయిన్ మాత్ర వేసుకున్నాను. ఆ తేదీ మా వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో ఉంది. పాల లెక్క రాసుకునే గడిలోనే మా ఆయన పెన్సిల్‌తో "మాత్ర మొదలు" అని చిన్న అక్షరాలతో రాసిపెట్టారు. నెల తర్వాత ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రెండు మాటల్లోనే దొరికింది.

నేను ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. జూలై 10న ఎనిమిదో తరగతిలో బోర్డు మీద లెక్క చేస్తూ పడిపోయాను. తర్వాత పిల్లలు చెప్పారు, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయనీ, నోట్లోంచి నురగ వచ్చిందనీ. ఎవరో తాళాలు తెచ్చి చేతిలో పెట్టారట. ఒంగోలులో స్కాన్ తీస్తే మెదడులో చిన్న సున్నపు మచ్చ కనిపించింది. ఎప్పుడో లోపలికి చేరిన బద్దెపురుగు పిల్ల ఎండిపోయి మిగిల్చిన మచ్చ అది, ఇప్పుడు దానికి మందు అక్కర్లేదు కానీ ఫిట్స్ మళ్ళీ రాకుండా మాత్ర వాడాలి అన్నారు. రాత్రి పూట 300 మిల్లీగ్రాములు.

ఆ మందు మీద నాకు కోపం లేదు. ఫిట్స్‌కి 1938 నుంచి వాడుతున్న మందు, ఎంతోమందిని నిలబెట్టిన మందు. "మానేస్తే మళ్ళీ ఫిట్స్ వస్తాయి, ఒక్క రోజు కూడా మరిచిపోవద్దు" అని గట్టిగా చెప్పారు, నేనూ మరవలేదు. "కొన్ని వారాల్లో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు కలిసి వస్తే వెంటనే రండి" అన్న ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు 5న, శ్రావణం మొదటి సోమవారం, ఒళ్ళు వెచ్చబడింది. మాత్ర మొదలుపెట్టి అప్పటికి ఇరవై నాలుగు రోజులు. మర్నాటికి 102 జ్వరం. వానాకాలం కదా, మా బడిలో సగం మంది పిల్లలకు జ్వరాలే. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు పారాసిటమాల్ ఇచ్చి, రెండు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేశాడు. మూడో రోజు మెడ మీదా ఛాతీ మీదా ఎర్రటి మచ్చలు వచ్చాయి. దురద. సాయంత్రానికి వీపంతా పాకింది.

అమ్మ చూసి "తట్టు పోసింది" అంది. మంచం చుట్టూ వేపమండలు పెట్టింది, పసుపు నీళ్ళు చల్లింది, ఇంట్లో తాలింపు వేయనివ్వలేదు. అమ్మవారు పోసినప్పుడు మందులు వాడకూడదని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్నే పట్టుకుని ఆ రోజు నుంచి అన్ని మాత్రలూ మానేసి ఉంటే నాకు మేలే జరిగేది. కానీ ఫిట్స్ మాత్ర దగ్గర మాత్రం అమ్మ కూడా భయపడింది. "అదొక్కటీ వేసుకో తల్లీ, మళ్ళీ పడిపోతే ఎలా" అని రోజూ రాత్రి తనే నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చేది. ఆ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా అమ్మ ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

ఆగస్టు 9న పక్క టౌన్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళాం. డెంగీ టెస్టు నెగటివ్. ప్లేట్‌లెట్లు 1,60,000. ఆ అంకె చూసి అందరం ఊపిరి పీల్చుకున్నాం. మా ఆయన బంధువులందరికీ ఫోన్ చేసి "ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి" అని చెప్పారు. అదే కాగితం మీద రెండు వరుసల కింద తెల్ల కణాలు 14,200, అందులో ఈసినోఫిల్స్ అనే రకం 18 శాతం అని ఉంది. పక్కన చిన్న నక్షత్రం గుర్తు కూడా ఉంది. రక్తం తీసినతను అది చూసి, "ఇస్నోఫీలియా ఉందమ్మా, మా నాన్నకీ ఉంది, చల్లగాలికి తిరక్కండి" అన్నాడు. మనవైపు ఇస్నోఫీలియా అంటే దగ్గు, ఆయాసం. నేనూ అంతే అనుకున్నాను.

లెక్కల టీచర్ని అయి ఉండి ఆ లెక్క నేనెందుకు చేయలేదా అని చాలా రోజులు బాధపడ్డాను. శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, మొత్తం కణాలతో గుణించాలి. 14,200లో 18 శాతం అంటే 2,556. మామూలుగా 500 దాటకూడదు. ఇంకో సంగతి కూడా ఉంది. డెంగీలో తెల్ల కణాలు సాధారణంగా తగ్గుతాయి. నాకు పెరిగాయి. ఇవన్నీ తర్వాత తెలిసినవే. ఆ రోజు మాత్రం కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాం.

తర్వాతి ఐదు రోజులు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. మొహం వాచింది. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే కళ్ళు గీతల్లా ఉన్నాయి. చెవులు వాచి కమ్మలు బిగుసుకుపోతే అమ్మ కొబ్బరినూనె రాసి మెల్లగా తీసింది. మెడ పక్కన గడ్డలు, గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. మచ్చలన్నీ కలిసిపోయి ఒళ్ళంతా కందగడ్డలా ఎర్రబడింది. అన్నం వాసన పడేది కాదు. పదమూడో తేదీకి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లని ఒకరు పసరు తెస్తామన్నారు. దానికి మాత్రం మా ఆయన ఒప్పుకోలేదు. ఆ రాత్రే కారు మాట్లాడి, తెల్లవారేసరికి గుంటూరు చేర్చారు.

ఆస్పత్రిలో నన్ను మొదట చూసిన డాక్టర్లు కాలేయం గురించే మాట్లాడుకున్నారు. కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్.జి.పి.టి. 612 వచ్చింది, మామూలుగా నలభై చుట్టుపక్కల ఉండాలి. మధ్యాహ్నం చర్మవ్యాధుల డాక్టరమ్మను పిలిపించారు. నలభై ఏళ్ళుంటాయేమో. నా మొహం చూశారు, చెవులు పట్టుకుని చూశారు, నోరు తెరవమన్నారు, కళ్ళ రెప్పలు ఎత్తి చూశారు. బొటనవేలితో చర్మాన్ని నొక్కి పక్కకు రుద్ది చూశారు. చర్మం ఊడివస్తోందా, నోట్లోనూ కళ్ళల్లోనూ పుళ్ళు ఉన్నాయా అని చూశారట. అలా ఉంటే స్టీవెన్స్ జాన్సన్ అనే ఇంకో రకం మందు రియాక్షన్. నాకు అలా లేదు.

అప్పుడు మా ఆయన్ని అడిగారు. "గత రెండు నెలల్లో కొత్తగా మొదలుపెట్టిన మందులు ఏమిటండీ?"

ఆయన పారాసిటమాల్, ఇంజెక్షన్లు, దురద మాత్ర అని చెప్పారు.

"అవి మచ్చలు వచ్చాక, జ్వరం వచ్చాక వాడినవి. అంతకు ముందు?"

"అంతకు ముందు ఏమీ లేవండీ."

"రోజూ వేసుకునేవి ఏమైనా ఉన్నాయా?"

"ఫిట్స్ మాత్ర ఉంది మేడమ్. అది జ్వరానికి ముందు నుంచీ వాడుతోంది. అది పడింది, ఏమీ కాలేదు."

"ఎప్పుడు మొదలుపెట్టారు?"

ఆయన ఇంటికి ఫోన్ చేశారు. మా బాబు క్యాలెండర్ నెల వెనక్కి తిప్పి గడిలో ఉన్నది చదివాడు. జూలై 12. డాక్టరమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, నర్సుతో "ఫెనిటాయిన్ ఇవాళ్టి నుంచి బంద్. ఇంక ఈ జన్మలో వద్దు" అన్నారు.

మందు పడకపోతే వేసుకున్న గంటలోనో, మర్నాడో తెలిసిపోతుందని మనమంతా అనుకుంటాం. పెన్సిలిన్ ఇంజెక్షన్‌కి ముందు చేతి మీద చుక్క వేసి చూడటం చూశాం కదా, ఆ లెక్కే మన మనసులో ఉండిపోయింది. నాకు వచ్చిన జబ్బు అలాంటిది కాదు. సాధారణంగా మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడుతుంది. మూడు వారాలు హాయిగా పడిన మందు మీద అనుమానం ఎవరికి వస్తుంది? అందుకే అసలు మందు పక్కనే కూర్చుని ఉంటే, నిన్న వేసిన ఇంజెక్షన్ మీద నేరం పడుతుంది. అసలు మందు రోజూ లోపలికి వెళ్తూనే ఉంటుంది. నా విషయంలో జ్వరం వచ్చాక కూడా తొమ్మిది రాత్రులు వెళ్ళింది.

దీన్ని డ్రెస్ సిండ్రోమ్ అంటారు. ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు. మందు వల్ల వచ్చే రియాక్షన్, రక్తంలో ఈసినోఫిల్స్ పెరగడం, చర్మంతో ఆగకుండా లోపలి అవయవాలకు పాకడం, ఈ మూడూ ఆ పేరులో ఉన్నాయి. 1996లో ఫ్రెంచి డాక్టర్లు పెట్టారు. జబ్బు అంతకు ముందు నుంచీ ఉన్నదే. కాలేయానికే ఎక్కువగా తగులుతుంది. మూత్రపిండాలకు, ఊపిరితిత్తులకు, గుండెకు కూడా తగలవచ్చు. నూటికి పది మంది దాకా చనిపోతారని లెక్కలు ఉన్నాయి. ఆ మాట డాక్టరమ్మ నాకు చెప్పలేదు, బయట మా ఆయనకు చెప్పారు. ఆయన నాకు మూడు నెలల తర్వాత చెప్పారు.

ఆ రోజు రక్తం మళ్ళీ చూస్తే తెల్ల కణాలు 19,600, ఈసినోఫిల్స్ 27 శాతం. ఈసారి మంచం మీదే మనసులో గుణించుకున్నాను. 5,292. కామెర్లు తెచ్చే వైరస్‌లు ఉన్నాయేమో చూశారు, రక్తం కల్చర్‌కి పంపారు, గుండెకు ఎకో తీశారు, తొడ మీద చర్మం చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రెజిస్కార్ అనే ఒక మార్కుల పట్టీ ఉంటుంది. ఈసినోఫిల్స్ 1,500 దాటితే రెండు మార్కులు, మచ్చలు సగం ఒంటికి మించితే ఒకటి, గడ్డలకు ఒకటి, ఇలా. ఆరు, ఆ పైన వస్తే కచ్చితంగా ఇదే జబ్బు అని. నాకు ఏడు వచ్చాయి. జీవితమంతా మార్కులు వేసిన దాన్ని, నాకు ఆ పట్టీ చూపించమని అడిగి మరీ చూశాను. ఊహతో కాదు, ఒక లెక్కతో తేల్చారని తెలిశాక భయం కొంచెం తగ్గింది.

అయితే ఫిట్స్ మాత్ర ఆపేస్తే ఫిట్స్ సంగతేమిటి? ఆ రాత్రి నాకున్న టెన్షన్ అంతా అదే. లెవెటిరాసెటమ్ అనే వేరే మందు సెలైన్‌లో ఎక్కించారు. ఇక్కడ ఒక ప్రమాదం తృటిలో తప్పింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మొదట కార్బమజెపిన్ రాయబోతే న్యూరాలజీ పెద్ద డాక్టరు ఆపారు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ మూడూ ఒక ఇంటి అన్నదమ్ముల్లాంటివి, వాటి రసాయన నిర్మాణంలో ఒకే రకం వలయం ఉంటుంది. ఒకటి పడనివాళ్ళలో చాలామందికి మిగతావీ పడవు. వాల్‌ప్రోయేట్ ఆ ఇంటిది కాదు, కానీ కాలేయం దెబ్బతిన్నప్పుడు అదీ వద్దన్నారు.

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు, నా బరువు 58 కిలోలకు రోజుకు 60 మిల్లీగ్రాములు. మూడో రోజుకు జ్వరం దిగింది. ఆగస్టు 16న వరలక్ష్మీ వ్రతం. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో మొదటిసారి పూజ తప్పింది. పక్క మంచం మీదున్న ముసలమ్మ కూతురు నాకు పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు తెచ్చి ఇచ్చింది. వాచిపోయిన వేళ్ళతో తీసుకున్నాను. ఆమె పేరు కూడా అడగలేదు.

పదకొండు రోజులకు ఇంటికి పంపారు. చర్మం పొట్టులా రాలేది, దుప్పటి దులిపితే గుప్పెడు. లిక్విడ్ పారాఫిన్ రాసుకుంటూ ఉండమన్నారు. మంట తగ్గిపోయింది, ఇక అయిపోయిందనుకున్నాను. ఈ జబ్బులో అందరూ పొరపాటు పడేది ఇక్కడే అనిపిస్తుంది.

స్టెరాయిడ్ మాత్రల గురించి మన ఊళ్ళలో ఉన్న భయం అందరికీ తెలిసిందే. ఆ భయంలో నిజమూ ఉంది. నా మొహం గుండ్రంగా ఉబ్బింది, రాత్రి రెండింటికి ఆకలితో మెలకువ వచ్చేది, సుగర్ 210కి పెరిగింది, ఉత్తపుణ్యానికి బాబు మీద అరిచేదాన్ని. సెప్టెంబర్ చివర్లో చూడటానికి వచ్చిన చుట్టమొకావిడ "ఎముకలు గుల్లైపోతాయమ్మా, మానెయ్" అంది. అప్పటికి 30 మిల్లీగ్రాములకు దిగాను. ఒళ్ళు బాగుంది కదా అని నాలుగు రోజులు మానేశాను. ఐదో రోజు పొద్దున ఛాతీ మీద అవే మచ్చలు. కాళ్ళు తేలిపోతున్నట్టు నీరసం. కాలేయం అంకెలు మళ్ళీ పైకి. డాక్టరమ్మ తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పారు. "అమ్మా, ఈ మాత్ర ఒక్కసారిగా ఆపితే రెండు ప్రమాదాలు. జబ్బు తిరగబెడుతుంది. పైగా ఇన్నాళ్ళూ స్టెరాయిడ్ బయటి నుంచి వస్తుంటే మీ శరీరం దాన్ని సొంతంగా తయారుచేసుకోవడం తగ్గించేసింది, అది మళ్ళీ అలవాటు పడాలి. మెట్లు దిగినట్టు దిగాలి, దూకకూడదు."

మందు ఆపేశాక కూడా జబ్బు ఎందుకు తిరగబెడుతుందని అడిగాను. చిన్నప్పుడే మనలో చాలామందికి సోకి, ఒంట్లో నిద్రపోతూ ఉండే కొన్ని వైరస్‌లు ఈ జబ్బులో లేస్తాయని, అందులో హెచ్.హెచ్.వి.-6 అనేది ముఖ్యమైనదని చెప్పారు. మందు పోయినా అది రేపిన అలజడి వెంటనే చల్లారదు. మళ్ళీ 40కి ఎక్కి, పది రోజులకో మెట్టు చొప్పున దిగాను. ఆఖరి మాత్ర 2025 జనవరి 20న వేసుకున్నాను.

ఈ నెలలన్నిటిలోనూ, ఆ తర్వాత కూడా రక్తపరీక్షలు ఆపలేదు. ఈ జబ్బు తగ్గాక కొన్ని నెలలకు కొందరిలో థైరాయిడ్ దెబ్బతింటుంది, కొద్దిమందికి సుగర్ వ్యాధి కూడా వస్తుంది. నవంబర్‌లో థైరాయిడ్ పరీక్షలో నా టి.ఎస్.హెచ్. మామూలుగానే ఉంది. జనవరిలో 18 దాటింది. డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే, ఆ నీరసం, జుట్టు రాలడం అన్నీ స్టెరాయిడ్ మిగిల్చినవే అనుకుని ఊరుకునేదాన్ని. ఇప్పుడు రోజూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను.

నన్ను డిశ్చార్జి చేసే రోజు డాక్టరమ్మ ఒక ఫారం నింపారు. మందుల వల్ల జరిగిన చెడును నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఒకటి 2010 నుంచి ఉందట, ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతుంది. డాక్టర్లే కాదు, మనమూ చెప్పవచ్చు. టోల్ ఫ్రీ నంబరు 1800 180 3024. 2023 చివర్లో ఆ కమిషనే మెఫెనమిక్ యాసిడ్ గురించి హెచ్చరిక ఇచ్చింది, దాని వల్ల కూడా ఈ డ్రెస్ రావచ్చని. నెలసరి నొప్పికి మన ఆడపిల్లలు చీటీ లేకుండా కొనుక్కునే మాత్రల్లో ఉండేది అదే. వచ్చేది చాలా అరుదుగానే, కానీ మా తొమ్మిది, పదో తరగతి ఆడపిల్లలకు చెప్పాను. యూరిక్ యాసిడ్‌కి వాడే అల్లోప్యూరినాల్, డాప్సోన్, సల్ఫా మందుల వల్లా వస్తుంది. ఒక్కో మందుకు ఒక్కో రకం జన్యువు ఉన్నవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. అందుకే రక్తసంబంధీకులు కూడా జాగ్రత్తగా ఉండాలన్నారు. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి, కాగితం తీసుకుని ఆ మూడు ఫిట్స్ మందుల పేర్లూ రాసుకోమన్నాను. వాడు నవ్వలేదు, వాళ్ళ పిల్లల ఫైళ్ళలో కూడా పెట్టుకున్నాడు.

నా పర్సులో ఇప్పుడు లామినేషన్ చేయించిన కార్డు ఉంటుంది. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిషు. నాకు పడని మందుల పేర్లు, ఏ తేదీన ఏం జరిగింది, ఇప్పుడు వాడుతున్నవేమిటి. "ఫిట్స్ వచ్చినా ఫెనిటాయిన్ ఎక్కించవద్దు" అన్న వరుస ఎర్ర అక్షరాలతో ఉంటుంది. ఎందుకంటే స్పృహ లేకుండా అత్యవసర విభాగానికి వెళ్తే మొదట తీసే మందుల్లో అదొకటి. స్టాఫ్ రూములో నా బీరువా తలుపుకి లోపల దాని నకలు అంటించాను. పక్క సీటు సైన్స్ టీచరుకు చూపించి ఉంచాను.

జ్వరం వస్తే మాత్రం ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. చొక్కా చేతులు పైకి మడిచి మచ్చల కోసం వెతుక్కుంటాను. ముంజేతుల మీద నల్లటి మచ్చలు కొన్ని ఇంకా పోలేదు.

మొన్న అమ్మకు బీపీ ఉందని కొత్తగా మాత్ర రాశారు. రెండు రోజుల తర్వాత పాల లెక్క చూద్దామని క్యాలెండర్ దగ్గరికి వెళ్తే, మంగళవారం గడిలో వంకర అక్షరాలతో "మాత్ర మొదలు" అని ఉంది. అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. ఎవరూ చెప్పకుండా తనే రాసుకుంది.